సవరణ: లాట్వియన్ అచ్చు మీది అడ్డగీత టోన్ గుర్తు కాదు

లాట్వియన్ ఉచ్చారణ రాసుకునే పద్ధతి గురించిన మొన్నటి పోస్టులో, అచ్చు మీది అడ్డగీత సమటోన్‌ని చూపుతుందని రాశాను (టోన్ అంటే అచ్చు పలికేటప్పుడు గొంతు సాగే తీరు, సమటోన్‌లో అది సమంగా సాగుతుంది). అది తప్పు. టోన్ గుర్తులు వేసే లాట్వియన్ నిఘంటువులతో పోల్చి చూశాక సరిచేస్తున్నాను.

అడ్డగీత చెప్పేది దీర్ఘం ఒక్కటే. మామూలు రాతలో టోన్ కనిపించదు. నిఘంటువుల్లో అడ్డగీత తీసేసి ఆ చోట టోన్ గుర్తు వేస్తారు: సమటోన్‌కి అలగీత, దిగుటోన్‌కి కుడివైపు వాలే గీత, విరుపుటోన్‌కి టోపీ. విరుపు అంటే అచ్చు మధ్యలో గొంతు ఒక్కసారి బిగిసి వదలడం. ‘జాలె’ సమటోన్‌లో పలికితే హాలు, విరిచి పలికితే గడ్డి. మామూలు స్పెల్లింగు రెండింటికీ ఒకటే. సంయుక్తాచ్చులో, అంటే రెండు అచ్చులు కలిసి ఒకటిగా పలికే చోట, దిగుటోన్ గుర్తు మొదటి అక్షరం మీద, మిగతా రెండూ రెండో అక్షరం మీద పడతాయి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

మూడు టోన్లూ విడిగా వినాలంటే ఉత్తర లాట్వియాలోని వల్మియెరా ఊరి వైపు మాట వినాలి. చాలామంది నోట రెండే మిగిలాయి. కాబట్టి రికార్డింగులో మూడోది వినపడకపోతే మీ చెవిని అనుమానించకండి.

లాట్వియన్‌లో ‘ఎ’ అక్షరానికి ఒకే ధ్వని అని ఆ పోస్టులో అన్నదీ తప్పే. ‘నెసు’ను విశాలమైన ఎ-తో పలికితే ‘మోస్తాను’, ఇరుకు ఎ-తో పలికితే ‘మోశాను’. మనం మేడ, మేడి అన్నప్పుడు నోరు తెరుచుకునే తేడా లాంటిదే, కాకపోతే అక్కడ అర్థమే మారిపోతుంది. దీనికీ రాతలో గుర్తు లేదు, విడిగా రాసుకోవాల్సిందే.