మహారాజశ్రీ వందకు వంద పచ్చ సున్నా గారికి

వెబ్‌సైట్లను తూచి మార్కులు వేసే గూగుల్ వారి లైట్‌హౌస్ పరీక్షలో కొలువైన మహారాజశ్రీ వందకు వంద మార్కుల గారి దివ్య సముఖమునకు,

కడియం నర్సరీలకు వెబ్‌సైట్లు కట్టి పొట్ట పోసుకునే ఒక అల్పుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి. అక్కడ తమరు పచ్చగా ఉన్నారు. ఇక్కడ సైటుకి ఎవరూ రావడం లేదు.

ఈ మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. 97 దగ్గర అలిగి కూర్చున్న తమరిని 100కి ఎక్కించేసరికి అన్నం చల్లారిపోయింది. ఎక్కారు, సంతోషం. వేగం, సౌలభ్యం, మంచి పద్ధతులు, సెర్చ్ యోగ్యత అనే నాలుగు గుండ్రాలూ ఒకేసారి పచ్చబడ్డాయి. తెర మీద తారాజువ్వలు కూడా కాల్చుకున్నారు తమరు. ఆ వెలుగులోనే నర్సరీ బాబాయి గారి ఫోన్ మోగింది.

"ఏవండి అబ్బాయిగారూ, వందొచ్చేసిందన్నారు. మరి ఫోన్ మోగదేంటండి?"

తొలకరి పడింది. మొక్క నాటే అదను. పక్క నర్సరీ ముందు లారీలు ఆగి ఉన్నాయట, బాబాయి గారు అవి చూస్తూనే మాట్లాడుతున్నారు. ఆ పక్క నర్సరీకి వెబ్‌సైటే లేదు మహాప్రభో! మ్యాపులో ఒక గుర్తు ఉంది. దాని కింద కొన్నవాళ్ళు తీసిన వంకర ఫోటోలున్నాయి. "మొక్కలు బాగున్నాయి, రేటు కొంచెం ఎక్కువ, ఓనరు మాట మంచిది" లాంటి అభిప్రాయాలు బోలెడున్నాయి. ఒక ఫోన్ నంబరుంది. అంతే. "దగ్గర్లో నర్సరీ" అని వెతికినవాడికి ముందు కనిపించేది మ్యాపు. మ్యాపులో ఎవరు ముందుండాలో తేల్చేవి సంబంధం, దూరం, ప్రాముఖ్యం అని గూగుల్ తన సహాయ పేజీలోనే రాసిపెట్టింది. ఆ మూడింట్లో తమరి పేరు నాకెక్కడా కనబడలేదు. రెండుసార్లు చదివాను కూడా.

అసలు తమరు మా జీవితాల్లోకి ఎలా దయచేశారో మనవి చేసుకుంటాను. ఎవరో ఒక కుర్రాడు బాబాయి గారికి ఫోన్ చేసి, "సార్, మీ సైటుని ఉచితంగా పరీక్షించాం, ఎర్రగా ఉంది" అన్నాడు. మొక్కలమ్మే మనిషికి ఎరుపంటే ఆకు మాడినట్టే. ఆ క్షణం నుంచి ఆయనకి ఒకటే పట్టు: పచ్చగా చెయ్యి. ఎందుకు పచ్చగా ఉండాలో ఆయన అడగలేదు, ఆ కుర్రాడు చెప్పలేదు, తమరు ఎటూ చెప్పరు.

సరే, చేశాం. ముందు తెలుగు ఫాంటు పోయింది. మన వత్తులూ గుణింతాలూ ఎన్ని కలయికలో తమరికి తెలియదు కాబోలు. ఇంగ్లీషు ఫాంటు పక్కన పెడితే మనది బరువైన ఫైలే మరి. తీసేశాను. ఇప్పుడు ఎవరి ఫోన్లో ఏ అక్షరాలుంటే అవే దిక్కు. తర్వాత ఫోటోలు. వాటిని పిండి పిండి, ఆఖరికి బంగినపల్లికీ తోతాపురికీ తేడా తెలియనంత తేలిక చేశాం. కాయ చూసి మొక్క కొనే జనం మావాళ్ళు. అయినా తమరు 88 దగ్గరే నారింజ రంగులో గుర్రుగా చూశారు.

అప్పుడు వీడియో మీద పడింది తమరి కన్ను.

ఆ వీడియో గురించి తమరికి చెప్పి తీరాలి, ఎందుకంటే తమరు దాన్ని చూడలేదు, తూచారంతే. బాబాయి గారు లుంగీ ఎగ్గట్టి, చేతిలో మామిడి అంటు పట్టుకుని మాట్లాడుతుంటే వాళ్ళబ్బాయి ఫోన్లో తీశాడు. వెనక నీళ్ళ మోటారు చప్పుడు. ఆయనేం చెబుతాడంటే: కవరుతో సహా పాతెయ్యకండి, కవరు కోసి మట్టి ముద్ద పగలకుండా గోతిలోకి దించండి. అంటు కట్టిన అతుకు మట్టిలో కూరుకుపోకూడదు. అతుక్కి చుట్టిన ప్లాస్టిక్ రిబ్బన్ అంటు బాగా అతుక్కున్నాక విప్పెయ్యండి, లేకపోతే కాండం లావెక్కేకొద్దీ అక్కడే బిగిసిపోతుంది. అతుకు కింద నుంచి చిగురొస్తే జాలిపడకుండా తుంచెయ్యండి. వదిలేశారా, పైనున్న బంగినపల్లిని మింగేసి కిందున్న టెంక మామిడే చెట్టై కూర్చుంటుంది, ఆ తర్వాత నర్సరీ వాణ్ణి తిట్టి లాభం లేదు. మొదటి రెండు మూడేళ్ళు పూతొస్తే మురిసిపోకండి, తీసెయ్యండి, ముందు చెట్టుని బలవనివ్వండి. పాత లెక్కలో 10 మీటర్ల ఎడంతో ఎకరాకు 40 మొక్కలు. "అంతకు మించి పెట్టమనేవాడు మొక్కలమ్ముకునేవాడండి" అని తనే నవ్వేస్తాడు.

సెర్చ్ పెట్టెలో జనం వేసే ప్రశ్నలు ఇవే కదా. అంటు ఎందుకు చచ్చిపోయింది, కింద నుంచి కొత్త కొమ్మ వస్తే ఉంచాలా, ఎకరాకు ఎన్ని పడతాయి. సైటు మొత్తంలో ఇంకెక్కడా దొరకని సరుకు అదొక్కటే.

దాన్ని తీయించారు. ఎందుకని? నొక్కక ముందే వీడియో పెట్టె తన వెంట మందీ మార్బలాన్ని దింపుకుంటుంది, పేజీ బరువెక్కుతుంది, తమరికి గిట్టదు. వీడియో బదులు ఒక బొమ్మ పెట్టి, నొక్కితేనే అసలుది వచ్చేలా చేసే ఉపాయం ఉంది, అదీ చేశాను. "ముందులాగా దానంతటదే ఆడట్లేదేంటండి?" అన్నారు బాబాయి గారు. దానంతటదే ఆడితే తమరు పచ్చబడరు, తమరు పచ్చబడకపోతే ఆయనకి నిద్ర పట్టదు. ఇద్దరి మధ్యా నలిగి వీడియో పోయింది. పేజీలో ఏం మిగిలిందంటే, ఆయన విజిటింగ్ కార్డు మీదున్న మూడు ముక్కలు: "నాణ్యతే మా ప్రాణం. కస్టమర్ల సంతృప్తే మా ధ్యేయం. ఒక్కసారి విచ్చేయండి." ఈ మూడు ముక్కలూ కడియం నుంచి కన్యాకుమారి దాకా మొక్కలమ్మే ప్రతివాడి పేజీలోనూ ఉంటాయి. ఇంకో కాపీ తెచ్చి చూపిస్తే సెర్చ్‌కి ఏం ఒరుగుతుంది?

ఆ మూడు ముక్కలకీ నువ్విచ్చావు, వంద.

నువ్వు చదవవు. నా కోపమంతా ఇక్కడే. శీర్షిక ఉందా అని చూస్తావు, ఆ శీర్షికకీ లోపలి సరుక్కీ పొంతన ఉందా అని చూడవు. వివరణ రాశారా అని అడుగుతావు, అందులో ఏం రాశారని అడగవు. లింకులు సరిగా ఉన్నాయా, ఇండెక్స్ చేయొద్దని, అంటే సెర్చ్ జాబితాలో చేర్చొద్దని ఎక్కడైనా రాసి ఉందా, ఫోటోకి పేరు పెట్టారా, ఇంతే నీ చదువు. ఖాళీ తెల్ల పేజీ మీద రెండు మాటలు రాసి పెడితే దానికీ కళ్ళు మూసుకుని వేగానికి పచ్చ మార్కులు వేస్తావు. 2019లో మనుయెల్ మతుజోవిచ్ అనే వెబ్ డెవలపర్ పనిగట్టుకుని ఎవరూ వాడలేని పేజీ ఒకటి తయారుచేసి, లైట్‌హౌస్ పరీక్షలో సౌలభ్యానికి వందకి వంద తెప్పించి లోకానికి చూపించాడు. సౌలభ్యానికి! కంటితో చూడలేరు, మౌసుతో నొక్కలేరు, కీబోర్డుతో కదలలేరు. మార్కులు మాత్రం పూర్తిగా పడ్డాయి. సిగ్గుపడ్డావా అప్పుడు?

పోనీ, వేగానికి ర్యాంకు పెరుగుతుందన్న ఆశైనా ఉందా అంటే, అక్కడా నాటకమే. 2021 జూన్ నుంచి ఆగస్టు దాకా పేజీ అనుభవాన్ని గూగుల్ తన ర్యాంకింగ్‌లో కలిపింది, నిజమే. పేజీలో అన్నిటికన్నా పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, పేజీ అటూ ఇటూ గెంతే కొలత 0.1 దాటకూడదు అన్నారు. 2024 మార్చి నుంచి నొక్కిన దానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలన్నారు. అయితే ఆ లెక్కలు నీవి కావు. నువ్వు ఒక ఊహా ఫోనుతో, ఒక ఊహా సిగ్నల్‌తో చేసే పరీక్షవి. వాళ్ళు చూసేది నిజం మనుషులు క్రోమ్‌లో పేజీ తెరిచినప్పుడు పోగుపడ్డ 28 రోజుల లెక్క. మా సైటుకి ఆ లెక్క ఏదీ అని చూస్తే "తగినంత డేటా లేదు" అని ఉంది. జనం వస్తేనే అక్కడ అంకెలు పడతాయి. జనం ఎందుకు రావట్లేదో తెలుసుకోవడానికే కదా మేము నీ దగ్గరికొచ్చింది! ఒకవేళ అంకెలు పడి, అవన్నీ పచ్చగా ఉన్నా లాభమెంత? పేజీ అనుభవం అంతంత మాత్రంగా ఉన్నా సరే ప్రశ్నకు బాగా సంబంధమున్న పేజీనే చూపిస్తామని వాళ్ళు మార్గదర్శకాల్లోనే రాసుకున్నారు. అంటే మోటారు చప్పుడుతో బరువుగా తెరుచుకునే బాబాయి గారి వీడియోకే అవకాశం ఎక్కువ. నువ్వు తీయించిన దానికి.

ఇందులో నీ చేతిలో లేనివీ ఉన్నాయి, ఒప్పుకుంటాను. 1998లో స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్ళిద్దరు గూగుల్‌ని మొదలుపెట్టినప్పటి నుంచీ, ఒక పేజీ వైపు ఇంకెంతమంది లింకు పెట్టి చూపించారన్నది లెక్క. మా నర్సరీకి బయటి నుంచి ఒక్క లింకూ లేదు. 2023లో వాషింగ్టన్ కోర్టులో గూగుల్ ఉపాధ్యక్షుడు పాండు నాయక్ వివరించిన నావ్‌బూస్ట్ అనే ఏర్పాటు, 13 నెలల క్లిక్కులు దాచుకుని ఏ ప్రశ్నకి జనం దేని మీద నొక్కారో గుర్తుపెట్టుకుంటుందట. క్లిక్కులున్నవాడికి క్లిక్కులు. లేనివాడికి నువ్వు. సెర్చ్ లెక్కలు తీసే అహ్రెఫ్స్ సంస్థ దాదాపు 1,400 కోట్ల పేజీలు తిరగేసి 2023లో వేసిన అంచనా ప్రకారం 96.55 శాతం పేజీలకి గూగుల్ నుంచి ఒక్కరూ రారు. అంతమందిలో మేమూ ఒకళ్ళం, తిరునాళ్ళలా ఉంది. అందులో నీ దగ్గర వంద తెచ్చుకున్నవాళ్ళు ఎందరున్నారో!

మిగతావాళ్ళకి కూడా ఈ ఉత్తరంలోనే చెరో రెండు ముక్కలు. "చూశాం, ప్రస్తుతానికి ఇండెక్స్‌లో చేర్చలేదు" అని గూగుల్ నివేదికలో రాసే మహానుభావుడా, పెళ్ళిచూపులకొచ్చి బజ్జీలు తిని "కబురు చేస్తాం" అనే రకానివి నువ్వు. ఆ "ప్రస్తుతానికి" ఎప్పుడు అయిపోతుందో చెప్పు, ముహూర్తం పెట్టుకుంటాం. ఎకరాకు ఎన్ని మొక్కలని అడిగితే ఫలితాల పైనే జవాబు వడ్డించే ఏఐ పెట్టె గారూ, ఆ 40 ఎవరి తోటలోది? చెప్పినవాడి పేరు చెప్పి వడ్డించండి. "మీ సైటుని మొదటి పేజీలో నిలబెడతాం" అని ఉచిత మెయిలు ఐడీ నుంచి ఉత్తరాలు రాసే నిపుణులారా, ముందు మీ సైటు ఎక్కడుందో చెప్పండి. ఇంగ్లీషు అక్షరాల్లో "మామిడి మొక్క రేటు" అని రోజుకో స్పెల్లింగుతో కొట్టే నా తెలుగు ప్రజలారా, మిమ్మల్ని ఏమీ అనను. కొనేది మీరే.

మళ్ళీ నీ దగ్గరికే వస్తాను, ఎందుకంటే వదలబుద్ధి కావడం లేదు. నీ మీద నాకున్న ద్వేషం నువ్వు తప్పు చెప్పావని కాదు. నువ్వు చెప్పిన ప్రతిదీ నిజమే. పేజీ గబుక్కున తెరుచుకుంటోంది. ఎక్కడా విరగలేదు. అక్షరాలకీ వెనక రంగుకీ తేడా తెలుస్తోంది. అన్నీ నిజాలే చెప్పి, అసలు దాని గురించి నోరు మూసుకుని, చుట్టూ పచ్చ రంగు పులుముకుని కూర్చున్నావు చూడు, అది. "నేను తలుపు సంగతే చూశానురా నాయనా, ఇంట్లో సరుకుందో లేదో నాకు తెలీదు" అని ఆ గుండ్రం కింద ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది? ఆ ముక్క చూపిస్తే బాబాయి గారు ఎర్రరంగుకి అంత బెదిరేవారు కాదు. వీడియో బతికేది. తొలకరికి ఫోన్ మోగేదో లేదో, కనీసం వచ్చినవాడికి అంటు ఎలా నాటాలో తెలిసేది.

అయినా అబద్ధం ఎందుకాడాలి. మొన్న కాలవ గట్టు మీద, సిగ్నల్ ఒక గీత కూడా సరిగా లేని చోట, మొక్కలు మోసే కుర్రాడొకడు తన పగిలిన ఫోన్లో ఈ సైటు తెరిచాడు. ఠక్కున వచ్చింది. "సూపరుందన్నా" అన్నాడు. ఆ పుణ్యం నీదే, కాదనను. లోపల వాడు చదవడానికేమీ లేదు, కిందికీ పైకీ రెండుసార్లు జరిపి జేబులో పెట్టేసుకున్నాడు.

అందుచేత మనవి. ఈ రాత్రే వీడియో వెనక్కి పెడుతున్నాను, మోటారు చప్పుడుతో సహా, దానంతటదే ఆడేలా. ఆయన చెప్పిందంతా కింద రాతలో కూడా పెడతాను. బంగినపల్లి అంటు ఎంత, కొబ్బరి మొక్క ఎంత, లారీ బాడుగ ఎవరిది, లోడు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అన్నీ. పెద్ద ఫోటోలు పెడతాను, తోతాపురి ముక్కు కనబడేలా. మ్యాపులో నర్సరీ గుర్తు పెట్టించి, కొన్నవాళ్ళని నాలుగు మాటలు రాయమని బాబాయి గారే అడుగుతానన్నారు. నువ్వు నారింజలోకి దిగుతావు, ఇంకా కిందికీ పోతావేమో. పో.

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు

తా.క.: ఎర్రగా ఉందని బెదిరించిన ఆ ఉచిత పరీక్ష కుర్రాడు ఇవాళ సాయంత్రం మళ్ళీ చేశాడట. ఈ పచ్చ సైటు మీదున్న నంబరుకి ఇంతవరకూ వచ్చిన ఫోన్ అదొక్కటే. బాబాయి గారు వాడికి రెండు కొబ్బరి మొక్కలు అంటగట్టారు.