ఒలింపస్ మాన్స్ గారికి: మీ లైఫ్ సర్టిఫికెట్ ఇంకా అందలేదు

శ్రీ ఒలింపస్ మాన్స్ గారికి,
థార్సిస్ పీఠభూమి పక్కన, అంగారక గ్రహం.

అయ్యా,

ఏ పుస్తకం తెరిచినా మీ పేరు పక్కన ‘ఆరిపోయిన అగ్నిపర్వతం’ అని ఉంటోంది. ఆరిపోయినట్టు ఎవరు చూశారో మాత్రం ఎక్కడా లేదు. మా ట్రెజరీ ఆఫీసులో పెన్షనరు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆపుతారు, మనిషి పోయాడని మాత్రం రాసుకోరు. తమరి విషయంలో తిరగబడింది. పోయారని రాసేశారు, ‘సౌరకుటుంబంలోకెల్లా ఎత్తైన అగ్నిపర్వతం’ అనే బిరుదు మాత్రం ఠంచనుగా అందుతూనే ఉంది.

ముందు ఆ ఎత్తు సంగతే తేల్చండి. ఒక పుస్తకం 27 కిలోమీటర్లంటుంది, ఇంకోటి 25 అంటుంది, మరోటి 22 అంటుంది. మీ గ్రహం మీద సముద్రం లేదు, కాబట్టి సున్నా ఎక్కడో మనమే పెట్టుకోవాలి. మొదట్లో గాలి పీడనం 6.1 మిల్లీబార్లు ఉండే మట్టాన్ని సున్నా అనుకున్నారు. ఆ తర్వాత మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌక సెకనుకి 10 లేజర్ పల్స్‌లు కొడుతూ గ్రహమంతా కొలిచింది, గురుత్వాకర్షణ లెక్కతో కొత్త సున్నా వచ్చింది. దాని ప్రకారం తమరు 22 కిలోమీటర్లకి కాస్త లోపే. చుట్టూ ఉన్న పల్లపు మైదానం నుంచి కొలిస్తే ఇంకొంచెం పెరుగుతారు. పత్రికలకి ఏది ఎక్కువైతే అదే కావాలి, తమరూ కాదనలేదు. అన్నట్టు, వెస్టా అనే గ్రహశకలం మీద ఒక బిలం నడుమ లేచిన గుట్ట కూడా 22 దరిదాపుల్లోనే ఉంది. అది అగ్నిపర్వతం కాదు కాబట్టి బతికిపోయారు.

పోస్టర్ల మీద మీ బొమ్మ మరీ అన్యాయం. కోసుగా, నిటారుగా, ఆకాశాన్ని గుచ్చుతున్నట్టు వేస్తారు. 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకుని, దాని పొడవంతా మీ 600 కిలోమీటర్ల వెడల్పు అనుకుని గీయండి. శిఖరం ఎత్తు 1.1 సెంటీమీటర్లు వస్తుంది. అంతే! సగటు వాలు 5 డిగ్రీలు. మీ అడుగుభాగం సుమారు 2.8 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా 2.75 లక్షలే. అంత నేల మీద పరుచుకున్నదాన్ని కొండ అనాలా, జిల్లాలకి జిల్లాలే అనాలా? శిఖరానికి 300 కిలోమీటర్ల దూరంలో మీ పాదాల దగ్గర నిలబడి చూసినా లాభం లేదు. గ్రహం వంపు వల్లనే మీ ఎత్తులో దాదాపు 13 కిలోమీటర్లు కిందికి పోతుంది. మిగిలింది చూద్దామంటే అంచు చుట్టూ కొన్నిచోట్ల 8 కిలోమీటర్ల దాకా లేచిన కొండచరియ అడ్డం. తమరిని పూర్తిగా చూడాలంటే కక్ష్యలోంచి చూడాల్సిందే.

ఇంత పెరగడం మీ గొప్పా అంటే, అదీ కాదు. కదలకపోవడమే మీ పెట్టుబడి. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి కూడా మీలాగే బసాల్టే, అంటే గడ్డకట్టిన లావాయే, దాదాపు 6.6 కోట్ల ఏళ్ళనాటి దక్కన్ లావా. దాన్ని కక్కిన వేడి ఊట ఇప్పుడు హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కింద ఉంది. ఊట అక్కడే ఉంది, దాని మీదున్న మన భూఫలకం ఉత్తరానికి జరిగిపోయింది. మీ దగ్గర ఫలకాలు జరగవు. ఒకే పొయ్యి మీద కోట్ల ఏళ్ళు కూర్చున్నారు, పోసిన లావా పోసినచోటే పేరుకుంది. దానికి తోడు గురుత్వాకర్షణ మనదాంట్లో 38 శాతమే, ఎంత పేర్చినా ఆ బరువుకి త్వరగా కుంగరు. మాకు అలాంటి సీటు దొరికితే మేమూ ఎదిగేవాళ్ళమే.

ఇక మరణ ధ్రువీకరణ. మీ వయసు చెప్పడానికి మా దగ్గరున్నది బిలాల లెక్క ఒక్కటే. నేల ఎంత పాతదైతే అన్ని ఉల్కలు తగిలి ఉంటాయి, సూత్రం ఇంతే. పని మాత్రం ఇంత తేలిక కాదు. ముందు ఒకే లావా ప్రవాహం హద్దు గీసుకోవాలి. రెండు ప్రవాహాలు కలిశాయో, వచ్చే వయసు ఇద్దరిలో ఎవరిదీ కాదు. హద్దు లోపలి వైశాల్యం లెక్కకట్టి, ప్రతి బిలం చుట్టూ వలయం గీసి, వ్యాసం రాసుకోవాలి. పది పిక్సెళ్ళ కంటే చిన్నదాన్ని నమ్మకూడదు. ఒక్కో పిక్సెల్ 6 మీటర్లుండే చిత్రంలో 60 మీటర్ల బిలం దాకా పనికొస్తుంది. శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన మంగళయాన్ 2015 జనవరిలో మీ పొరుగు ఆర్సియా మాన్స్ ఫొటో 10,707 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసింది, పిక్సెల్‌కి 556 మీటర్లు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లెక్కకి మాత్రం ఐదున్నర కిలోమీటర్ల లోపు బిలాలేవీ అక్కరకు రావు.

చివరికి వ్యాసాల వారీగా చదరపు కిలోమీటరుకి ఎన్నో గ్రాఫు మీద పెట్టి, ఏ వయసు గీతకి ఆనుతుందో చూడాలి. ఇక్కడే మీవాళ్ళు గోతులు తవ్వి పెట్టారు, నిజంగానే. లావా సొరంగం పైకప్పు కూలిన గుంట కూడా గుండ్రంగానే ఉంటుంది. దానికి ఉబ్బిన అంచు, చుట్టూ చిమ్మిన మట్టి ఉండవు, కాబట్టి కొట్టేయాలి. పెద్ద బిలం పడ్డప్పుడు ఎగిరిన రాళ్ళు చేసిన పిల్ల బిలాలు గుంపులుగా, వరసలుగా ఉంటాయి, వాటినీ తీసేయాలి. మీ గ్రహం మీదే ఎలీసియం అనే ప్రాంతం వైపున్న జునిల్ బిలం అడ్డంగా 10 కిలోమీటర్లే, అది కన్న పిల్లలు దాదాపు కోటి ఉంటాయని అంచనా. వాటిని కలిపేస్తే నిన్నటి నేల ముసలిదైపోతుంది. మీ మీద దుమ్ము మందంగా పేరుకుని చిన్న బిలాల్ని పూడ్చేస్తే, అదే ముసలి నేల పడుచుదైపోతుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు తీసిన చిత్రమైతే నీడలుండవు, లోతు లేనివి కంటికే ఆనవు. పైగా ఆ వయసు గీతలు గీసింది చంద్రుడి మీంచి తెచ్చిన రాళ్ళతో. వాటిని అంగారకుడికి సరిపడేట్టు సర్దుకున్నాం, కొత్త ప్రవాహాల దగ్గర రెండింతలు అటూ ఇటూ అయినా ఆశ్చర్యం లేదు.

ఇంత చేస్తే తేలిందేమిటి? శిఖరం మీద ఒకదాన్నొకటి కోసుకుంటూ కూలిన ఆరు కాల్డెరాలు (లావా ఖాళీ అయ్యాక నేల కుంగిన పెద్ద గుంటలు), 60 బై 80 కిలోమీటర్ల మేర, 3 కిలోమీటర్ల లోతు. వాటి అడుగు వయసు 10 నుంచి 20 కోట్ల ఏళ్ళు. పడమటి చరియ మీద కొన్ని ప్రవాహాలకి 20 లక్షల ఏళ్ళేనని మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌక తీసిన చిత్రాలు చూసి 2004లో లెక్కగట్టారు. వందల కోట్ల ఏళ్ళ సర్వీసులో 20 లక్షలంటే టీ తాగడానికి బయటికెళ్ళినంత సేపు. దీన్ని రిటైర్మెంట్ అనడం మాకైతే మనస్కరించడం లేదు.

నాడి పట్టి చూద్దామంటే, 2018లో మీ గ్రహం మీద దిగిన నాసా నౌక ఇన్‌సైట్ తన భూకంపమాపకంతో 1,300కి పైగా ప్రకంపనలు నమోదు చేసింది, 2022 మే 4న 4.7 తీవ్రతతో ఒకటి వచ్చింది. కాని అది కూర్చున్నది ఎలీసియం మైదానంలో. మీ థార్సిస్‌లో చాలా భాగం దానికి గ్రహ గర్భం చాటున పడింది. ఆ డిసెంబరుకల్లా సోలార్ పలకల మీద దుమ్ము పేరుకుని అదీ మూగబోయింది. మీ నెత్తిన దిగుదామా అంటే అక్కడి పీడనం గ్రహం సగటులో 12 శాతం దరిదాపుల్లోనే. పారాచూట్‌కి పట్టు దొరకదు, అందుకే రోవర్లన్నీ పల్లం వెతుక్కుంటాయి.

కాబట్టి మనవి. రెండు పనుల్లో ఒకటి చేయించండి. థార్సిస్ మైదానంలో, 5 కిలోమీటర్లకి మించని ఎత్తున, ఒక భూకంపమాపకం పెట్టనివ్వండి. లేదా ఏ ప్రవాహానిదో ఖచ్చితంగా తెలిసిన రాయి ఒక్కటి పంపండి. 1865లో బీహార్‌లోని షేర్‌ఘాటీలో పడ్డ ఉల్క మీ గ్రహపు బసాల్టే, ఆ జాతి మొత్తానికీ షెర్గొటైట్ అనే పేరు దాన్నుంచే వచ్చింది. వాటిలో చాలావాటి వయసు 20 కోట్ల ఏళ్ళ లోపే. కవరు మీద ‘ఫ్రమ్’ అడ్రసు రాయకుండా పోస్టు చేసిందెవరో ఇప్పటికీ వాదన నడుస్తోంది. వాటిలో కొన్నింటిని పంపింది మీ పడమటనున్న టూటింగ్ బిలం అని 2021లో ఒక బృందం అంది. ఈసారి అడ్రసు రాయండి.

ఇట్లు,
తమరి నెత్తిన బిలాలు లెక్కపెట్టేవాళ్ళం.

తా.క.: ఆర్సియా గారి మీంచి 2018లో 1,800 కిలోమీటర్ల దాకా తెల్లగా సాగింది పొగ కాదు, మంచు మేఘం. తెల్లారి గాలి వాలు మీదికెక్కి చల్లబడితే అలా పుడుతుంది, మధ్యాహ్నానికి పోతుంది. అది చూసి మీరు లేచారని సంబరపడ్డవాళ్ళకి మేం ఇప్పటికీ జవాబులు రాస్తున్నాం. స్టాంపుల ఖర్చు తమరి ఖాతాలో వేస్తాం.