సెల్లార్‌లో జనరేటర్ ఉండగా సోలార్ ఎందుకు?

తుపాను హెచ్చరిక రాగానే చెన్నైలోని మా వేళచ్చేరి జనం కార్లను తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెడతారు. కార్లకు విపత్తు ప్రణాళిక ఉన్నట్టే. మనుషులకూ ఉండాలని మా అపార్ట్‌మెంట్ సంఘం ‘ఎమర్జెన్సీ’ పేరుతో వాట్సాప్ గ్రూపు పెట్టింది. ఇంతకంటే ఏం కావాలి?

మూడో అంతస్తు నెల్లూరాయనకు మాత్రం తృప్తి లేదు. ఆయనకు హామ్ రేడియో లైసెన్సు ఉంది. సెల్ టవర్లతో పని లేకుండా ఔత్సాహికులు తమలో తాము మాట్లాడుకునే రేడియో అది; అలా మాట్లాడేవాళ్లను హామ్‌లంటారు. మేడ మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్, మెట్ల గదిలో 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, పైన ఒక యాంటెనా తీగ పెట్టుకుంటానని అర్జీ ఇచ్చారు. వింటున్నంతసేపు రేడియోకి ఒక ఆంపియర్ చాలట. పూర్తి పవర్‌తో మాట్లాడితేనే 20 దాకా లాగుతుందట. పొదుపుగా వాడితే కరెంటు లేకుండా రెండు రోజులు ఢోకా లేదట. 2015 డిసెంబరు వరదల్లో సెల్‌ఫోన్లు మూగబోయినప్పుడు చెన్నైలో హామ్‌లే కబుర్లు మోశారనీ, 2004 సునామీ నాడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న హామ్ భారతీ ప్రసాద్ బృందం అదే పని చేసిందనీ చెప్పుకొచ్చారు. ప్యానెల్ నుంచి బ్యాటరీకి కరెంటును అదుపులో పంపే కంట్రోలర్ చవకది కొంటే రేడియోలో గరగరమంటుంది, మంచిదే కొనాలి అన్నారు. ఖర్చు ఆయనదే అయినా, ఆ మాటకే ట్రెజరర్‌గారి మొహం మాడింది.

‘‘తుపాను రోజు ఎండెక్కడ కాస్తుందండీ?’’ అన్నారు సెక్రటరీగారు. సభ చప్పట్లు కొట్టింది.

‘‘నిజమే సార్, మబ్బు పడితే ప్యానెల్ ఇచ్చేది అంతంతమాత్రమే. అందుకే బ్యాటరీ ముందే నిండి ఉంటుంది.’’

‘‘ముందే నింపుకునేదైతే ఫోన్లు నింపుకుంటాం కదా!’’

టవర్‌కూ కరెంటు కావాలి కదా అన్నారాయన. టవర్ అజెండాలో లేదు.

ఈ రేడియోలో పాలవాడికి ఆర్డరు చెప్పొచ్చా అని ట్రెజరర్‌గారు అడిగారు. హామ్ రేడియోలో వ్యాపారం మాట్లాడకూడదని తెలిశాక ఆయనకు మిగిలిన ఆసక్తి కూడా పోయింది. ఐదో అంతస్తు మామ్మగారి అభ్యంతరం ఒక్కటే నాకు న్యాయమనిపించింది. ప్యానెల్ అడిగిన మూలలోనే ఆవిడ వడియాలు పెడతారు.

అయినా మాకు జనరేటర్ ఉంది. సెల్లార్‌లో ఉంటుంది. వరద వస్తే నీళ్లు మొదట పలకరించేది దాన్నే. పోయినేడే రంగు వేయించాం.

అర్జీని జనవరిలో పరిశీలించాలని తీర్మానించారు. అప్పటికి వానలు వెనకబట్టి ఎండ బాగా కాస్తుంది, ప్యానెల్‌ను నిక్కచ్చిగా పరీక్షించవచ్చని సెక్రటరీగారి ముందుచూపు.