పిల్ల ఖర్చెంతని ఎవరూ అడగరెందుకు?

అనంతపురంలో కోర్టు దగ్గర నాకొక చిన్న డీటీపీ అంగడి ఉంది. భరణం కేసుల కాయితాలు నా చేతి మీదుగా పోతూనే ఉంటాయి. నేను లాయర్ని కాను. కానీ టైప్ చేసీ చేసీ కడుపు మండిపోయి రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, ఓపికుంటే చదవండి.

మొగుడూ పెళ్ళాం విడిపోతే బిడ్డకు నెలకెంత ఇవ్వాలి? బ్రిటన్‌లో దీనికొక లెక్కుంది. మామూలు ఆదాయం ఉన్నవాళ్ళయితే, పన్నుకు ముందు వచ్చేదాంట్లో ఒక బిడ్డకు 12 శాతం, ఇద్దరికి 16, ముగ్గురికీ ఆపైనా 19. బిడ్డ ఎన్ని రాత్రులు ఎవరి దగ్గర పడుకుంటుందో చూసి కొంత తగ్గిస్తారు. మన చట్టంలో అలాంటి పట్టికేమీ లేదు. "జీతంలో 25 శాతం ఇప్పిస్తారంట కదక్కా" అని చాలామంది అడుగుతారు. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఆ మాట అన్నది నిజమే. అంతమాత్రాన అది ప్రతి ఇంటికీ రూలైపోదు. తండ్రి సంపాదన, తల్లి సంపాదన, పిల్లల అవసరాలు, కలిసున్నప్పుడు ఎలా బతికారు, అతని మీద ఆధారపడ్డ ముసలివాళ్ళెవరు, ఇవన్నీ చూసి జడ్జిగారే ఒక అంకె వేయాలి. తల్లి ఉద్యోగం చేస్తుంటే చదువు ఖర్చు ఇద్దరూ తమ ఆదాయాన్ని బట్టి పంచుకోవాల్సి రావచ్చు.

2001 దాకా, భరణం ఇప్పించే పాత సీఆర్పీసీ (నేర విచారణ చట్టం) 125 సెక్షన్లో నెలకు 500 మించకూడదని ఉండేది. అది పోయింది. 2024 జులై నుంచి ఆ సెక్షన్ కూడా కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది. మన పెద్దమనుషుల తలకాయల్లో మాత్రం 500 నాటి లెక్కే నడుస్తోంది.

అసలు గొడవ ఆదాయం దగ్గర. జీతగాడైతే పే స్లిప్ ఉంటుంది, అక్కడా లోన్లూ చిట్టీలూ కోసి చూపిస్తారనుకోండి. మన జిల్లాలో పే స్లిప్ ఎంతమందికి ఉంటుంది? చీనీ (బత్తాయి) తోట ఉన్నవాడు, బోరు లారీ తిప్పేవాడు, గొర్రెలు కొని అమ్మేవాడు, వడ్డీలకు తిప్పేవాడు. మార్కెట్ యార్డులో టన్నుల లెక్కన కాయ అమ్మిన మనిషి కోర్టు కాయితంలో "కూలి, నెలకు 8 వేలు" అని రాయిస్తాడు. రాయించి, బయట బుల్లెట్ ఎక్కి పోతాడు. నేను టైప్ చేస్తాను, చేయక ఏం చేస్తాను, నా పని అది.

ఇలాంటివాళ్ళ కోసమే 2020 నవంబరులో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఒక అఫిడవిట్ నమూనా ఇచ్చింది. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు ప్రమాణం చేసి రాయాలి. అబద్ధం రాస్తే క్రిమినల్ చర్య దాకా పోవచ్చు. అందులో సేద్యం చేసేవాళ్ళకు వేరే నమూనా ఉందని ఎంతమందికి తెలుసు? భూమి ఎంత, మాగాణా మెట్టా, ఏ పంట, గడిచిన మూడేళ్ళలో ఎంత వచ్చింది, కౌలుకు తీసుకున్నది ఉందా, బర్రెలు, మేకలు, కోళ్ళు ఎన్ని, అన్నీ అడుగుతుంది. మన రైతును చూసి రాసినట్టే ఉంటుంది. అయినా నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది పట్నం నమూనానే. క్రెడిట్ కార్డు, క్లబ్ మెంబర్‌షిప్, మ్యూచువల్ ఫండ్, అన్నిటికీ ఎదురుగా "లేదు, లేదు, లేదు". పేజీలకు పేజీలు లేదు. భూమి సంగతి అడిగే పేజీ మాత్రం కట్టలో ఉండదు. ఆమె తరఫు వాళ్ళయినా భూమి రికార్డులైన వన్ బీ, అడంగల్, బండి ఆర్సీ తీయించి పెడుతున్నారా అంటే అదీ తక్కువే.

తప్పంతా మగవాళ్ళ మీదే తోయను. తల్లి తరఫు కాయితాల్లో బిడ్డ ఖర్చు కాలమ్ చూడండి. "నెలకు 5 వేలు" అని ఒక్క ముక్క, లేదంటే "50 వేలు". రెంటికీ వివరం ఉండదు. ఒకామె 3 వేలు వేయమంటే పని ఆపి, పిల్లకు నిజంగా ఏమవుతుందో చెప్పమన్నా. మూడో తరగతి ఫీజు ఏడాదికి 36 వేలు, అంటే నెలకు 3 వేలు. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు కలిపి 9 వేలు, నెలకు 750. ఆటో 1,000. పాలు 900. ట్యూషన్ 700. మొత్తం 6,350. ఇందులో బియ్యం లేదు, ఇంటి బాడుగలో పిల్ల వాటా లేదు, జ్వరం వస్తే అయ్యే ఖర్చు లేదు. "మరి 3 వేలని ఎందుకు చెప్పినావమ్మా" అంటే, "అంతకన్నా ఎక్కువ ఇయ్యడులే అక్కా" అంది. అడగకముందే ఆమే తగ్గించేసుకుంది! నేను చెప్పేదల్లా ఇదే. లెక్క బిడ్డ ఖర్చు దగ్గర మొదలవ్వాలి. తర్వాతే ఆ ఖర్చు ఎవరు ఎంత మోయగలరో చూడాలి. మనం "వాడెంత ఇస్తాడు" దగ్గర మొదలుపెట్టి బిడ్డను అందులో కుక్కుతున్నాం.

పంచాయితీలు ఇంకో రకం. "ఒకేసారి ఐదు లక్షలు పడేసి తెంచుకోండి" అంటారు. అందులో తల్లికెంత, పిల్లకెంత అని ఎవరూ విడదీయరు. పైగా బిడ్డకు ఇక ఏమీ అడగనని ఆమెతో సంతకం. బిడ్డ హక్కును వదిలేయడానికి తల్లికి అధికారం లేదు, ఆ సంతకం బిడ్డను కట్టేయదు. ముస్లిం కుటుంబాల్లో ఇద్దత్ (విడాకుల తర్వాత ఆమె ఆగాల్సిన గడువు) అయిపోతే పిల్లలకు కూడా ఏమీ రాదని చెప్పేవాళ్ళున్నారు. పిల్లలకు తండ్రి భరణం ఇవ్వాల్సిందేనని 1997లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంకా రెండు మాటలు. ఆర్డరు వచ్చాక డబ్బు ఆగిపోతే, ఏడాది లోపు వసూలుకు పిటిషన్ వేయాలి, పాత నెలలు దాటిపోతే ఆ దారిలో రాబట్టడం కష్టం. ఫీజులు పెరిగితే అంకె పెంచమని మళ్ళీ అడగొచ్చు. లాయరుకు డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితం. ఫోన్ 15100.

ఇక "ఆడవాళ్ళు కేసులేసి మగాళ్ళను దోచుకుంటున్నారు" అని కామెంట్ పెట్టబోయే అన్నలకు: పెట్టండి, తీసేయను. కాకపోతే ముందు మీ పిల్లకు పోయిన నెల ఎంత ఖర్చయిందో రాసి, దాని కింద పెట్టండి.