పదే పదే వినిపించినంత మాత్రాన నినాదం నిలబడదు
నినాదాల గురించి వచ్చిన ఒక వ్యాసంలో, నినాదాన్ని ఎన్నిసార్లు వినిపిస్తే అంతగా జనం మనసులో పాతుకుపోతుందని వ్యాసకర్త రాసిన మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. అదే నిజమైతే, 2004 ఎన్నికల ముందు టీవీల్లోనూ పత్రికల్లోనూ హోరెత్తిన ‘ఇండియా షైనింగ్’ (భారత్ వెలిగిపోతోంది) ప్రచారం అప్పటి ప్రభుత్వాన్ని గట్టెక్కించి ఉండాలి. కరవుతో అల్లాడుతున్న రైతుకు ఆ వెలుగు తన పొలంలో ఎక్కడా కనబడలేదు, ఆ ప్రభుత్వం ఓడిపోయింది. దీనికి పూర్తిగా భిన్నమైనది విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం కోసం 1966లో పుట్టిన ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’. దాని వెనుక ఏ ప్రకటనల సంస్థా లేదు. ఉక్కు, హక్కు అన్న రెండు మాటల ప్రాస, ఉద్యమకారుడు అమృతరావు గారి నిరాహార దీక్ష, పోలీసు కాల్పుల్లో పోయిన ప్రాణాలు మాత్రమే ఉన్నాయి. మా నాన్నగారు అప్పట్లో కళాశాల విద్యార్థి. కొబ్బరి పీచును కుంచెలా కట్టి, ఎర్రమట్టి నీళ్లలో ముంచి, రాత్రిపూట గోడల మీద ఆ నాలుగు మాటలు రాసేవారమని, తెల్లవారేసరికి గోళ్ల సందుల్లో మట్టి ఎండిపోయి ఉండేదని ఎన్నోసార్లు చెప్పారు. హక్కు అనడంలోనే కిటుకంతా ఉందని నా అభిప్రాయం. కర్మాగారం కావాలని అడిగితే అది విన్నపం అయ్యేది, హక్కు అనేసరికి ఇవ్వకపోవడం అన్యాయంగా మారింది. 2021లో కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయాలని కేంద్రం నిర్ణయించినప్పుడు విశాఖలోని కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో కార్మికులు అందుకున్నదీ ఆ పాత నినాదాన్నే. అక్కడ కూర్చున్నవారిలో చాలామంది 1966 నాటికి పుట్టనైనా లేదు.