2045కి ఎన్‌ఎఫ్‌ఎల్ ఉండదా? ఆ జోస్యానికి నా జవాబు

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు నలుగురు కూడిన చోటల్లా ఈ మధ్య ఒక జోస్యం తిరుగుతోంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ గురించి, ఆ ఆట వీరాభిమాని ఒకాయన రాసిందట. అది చెప్పేది ఇదీ: "2045 నాటికి ఎన్‌ఎఫ్‌ఎల్ ఉండదు. తల దెబ్బల భయంతో తల్లులు పిల్లల్ని పంపడం మానేస్తున్నారు, ఇక ఆటగాళ్ళు దొరకరు. బాక్సింగ్‌కి పట్టిన గతే దీనికీ పడుతుంది. కోర్టు కేసులు, ఇన్సూరెన్సు కలిసి ఓనర్లను దివాలా తీయిస్తాయి. కుర్రకారు టీవీ చూడరు కాబట్టి ఆ డబ్బూ ఆగిపోతుంది. 2026 ప్రపంచ కప్‌తో దేశం సాకర్ (ఇండియాలో మనం ఫుట్‌బాల్ అనేది) వైపు తిరుగుతుంది. చివరికి మిగిలేది, మనిషిని పడగొట్టే బదులు నడుముకి కట్టిన రిబ్బన్లు లాగి ఆడే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఒక్కటే."

పద్దెనిమిదేళ్ళుగా ఈ ఆట చూస్తున్నాను. ఆ జోస్యంలో నిజాలున్నాయి, కాదనను. వాటి మీద కట్టిన తీర్పు మాత్రం నిలవదు. పైగా అది మనల్ని అసలు పట్టించుకోవాల్సిన సంగతి నుంచి పక్కకి లాగుతోంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"తల్లులు పంపడం లేదు, ఆటగాళ్ళు దొరకరు"

పంపని తల్లిదండ్రుల్లో మేమూ ఉన్నాం. మా వాడు ఏడో తరగతిలోకి వచ్చిన ఏడాది ఆగస్టులో బడి నుంచి ఫామ్ తెచ్చాడు. టెక్సస్‌లో బడి జట్లలో ఒకరినొకరు పడగొట్టే టాకిల్ ఆట మొదలయ్యేది ఆ తరగతిలోనే. "నాన్నా, నువ్వు సంతకం పెట్టెయ్, అమ్మని నేను ఒప్పించుకుంటా" అన్నాడు. వాళ్ళమ్మ వంటింట్లోంచే "ఇంకేదైనా అడుగు కన్నా, ఇది మాత్రం వద్దు" అంది. నేనూ పెట్టలేదు. సెప్టెంబరు వస్తే ఆదివారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా టీవీ ముందే ఉండే నాకు, నా కొడుకు దాకా వచ్చేసరికి చెయ్యి రాలేదు.

నాకు మైక్ వెబ్‌స్టర్ గుర్తొచ్చాడు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుకి ఆడి నాలుగు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచినవాడు. చివరి రోజుల్లో మతి నిలకడ లేక కొన్నాళ్ళు తన ట్రక్కులోనే పడుకున్నాడు. 2002లో యాభై ఏళ్ళకే పోయాడు. నైజీరియా నుంచి వచ్చి పిట్స్‌బర్గ్‌లో పనిచేస్తున్న డాక్టర్ బెన్నెట్ ఒమాలు ఆ మెదడు పరీక్షించి, మళ్ళీ మళ్ళీ తగిలే దెబ్బల వల్ల వచ్చే సీటీఈ అనే జబ్బుని అందులో చూశాడు. 2005లో ఆ సంగతి ప్రచురించాడు. 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడిన 111 మంది మెదళ్ళు చూస్తే 110 మందిలో అదే జబ్బు. జబ్బు ఉందేమోనన్న అనుమానంతో కుటుంబాలు ఇచ్చిన మెదళ్ళే వాటిలో ఎక్కువ, కాబట్టి ఆడినవాళ్ళందరిలో అంత శాతం మందికి ఉందని అర్థం కాదు. అయినా 111లో 110 అన్న లెక్క చదివాక ఏ తండ్రి చెయ్యైనా ఆగుతుంది.

ఇక జోస్యం చెప్పేవాళ్ళు వెయ్యని లెక్క ఒకటి వేద్దాం. పదకొండు మంది జట్టుగా ఆడే హైస్కూలు ఫుట్‌బాల్‌లో 2008-09లో పిల్లలు 11 లక్షల పైచిలుకు. పదేళ్ళు తగ్గుతూ వచ్చి 2018-19 నాటికి 10 లక్షల 6 వేలకు దిగారు. 2023-24లో మళ్ళీ 10 లక్షల 30 వేలు దాటారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు 32, ఒక్కో జట్టుకి 53 మంది, అంటే మొత్తం 1,696 చోట్లు. ఏటా డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునేటప్పుడు, తీసుకునేది రెండువందల యాభై మంది చిల్లర. పది లక్షల మంది కాస్తా అయిదు లక్షలైనా ఆ చోట్లు ఖాళీగా ఉండవు. మా వాడు ఆడకపోతే లీగ్‌కి పోయేదేమీ లేదు.

పోయేది వేరే ఉంది. పంపడం మానేసేది ఎవరు? మాలాంటివాళ్ళం. ఇంట్లో రెండు జీతాలుండి, పిల్లాడికి కోడింగ్ క్లాసు, టెన్నిస్ కోచింగ్ రెండూ చెప్పించగలిగినవాళ్ళం. కాలేజీకి వెళ్ళాలంటే ఆట వల్ల వచ్చే స్కాలర్‌షిప్ తప్ప దారిలేని కుటుంబం మానెయ్యదు. ఈ రోజు ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ళలో సగానికి పైగా నల్లజాతివాళ్ళు. వాళ్ళలో దక్షిణాది రాష్ట్రాల చిన్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. రేపు ఆ వాటా ఇంకా పెరుగుతుందని నా నమ్మకం. సుఖంగా ఉన్నవాళ్ళు కూర్చుని చూస్తుంటే, లేనివాళ్ళ పిల్లలు తలలు ఒడ్డి ఆడే ఆట అవుతుంది. నన్ను నిద్రపోనివ్వని సంగతి అదీ. ఆట చచ్చిపోతుందని చెప్పేవాళ్ళు, తెలిసో తెలియకో, ఈ బాధ్యత నుంచి మనల్ని తప్పిస్తున్నారు. ఎలాగూ పోయేదే కదా అనుకుంటే ఇక బాగుచేయమని ఎవరు అడుగుతారు?

"బాక్సింగ్‌కి పట్టిన గతే"

ఈ పోలిక అందరి నోటా వినపడుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది కూడా. 1950లలో అమెరికా టీవీలో బాక్సింగ్ వారం వారం వచ్చేది, ఇంటిల్లిపాదీ చూసేవారు. ఇప్పుడు హెవీవెయిట్ ఛాంపియన్ ఎవరని అడిగితే మా ఆఫీసులో పదిమందిలో ఒక్కరూ చెప్పలేరు. కానీ అది రక్తం చూసి జనం దూరమై జరిగింది కాదు. 1962లో బెన్నీ పారెట్ అనే బాక్సర్ టీవీలో అందరూ చూస్తుండగా దెబ్బలు తిని, కొన్ని రోజులకే చనిపోయాడు. ఆ తర్వాతే ముహమ్మద్ అలీ వచ్చాడు, బాక్సింగ్ ఇంకో ఇరవై ఏళ్ళు వెలిగింది.

దాన్ని దెబ్బతీసినవి రెండు. ఒకటి, ఆటని నడిపే పెద్ద ఒక్కరు లేకపోవడం. నాలుగు సంఘాలు, నాలుగు బెల్టులు, ఎవరి ఛాంపియన్ వాళ్ళకే. రెండోది, పెద్ద పోటీలన్నీ మామూలు టీవీ నుంచి పే-పర్-వ్యూకి వెళ్ళిపోవడం. 2015లో మేవెదర్, పాకియావో పోటీని ఇంట్లో చూడ్డానికి దాదాపు 100 డాలర్లు కట్టాల్సొచ్చింది. పన్నెండేళ్ళ పిల్లాడు ఆ ఆటకి అభిమాని ఎలా అవుతాడు?

ఎన్‌ఎఫ్‌ఎల్ సరిగ్గా దీనికి ఎదురుదారిలో నడిచింది. 1961లో కమిషనర్ పీట్ రోజెల్ అమెరికన్ కాంగ్రెస్ చేత ఒక చట్టం చేయించాడు. జట్లన్నీ కలిసి ఒకే బేరంగా టీవీ హక్కులు అమ్ముకోవచ్చు. ఆ డబ్బుని న్యూయార్క్ జట్టు, గ్రీన్ బే జట్టు సమానంగా పంచుకుంటాయి. గ్రీన్ బే అంటే లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఊరు. ఆ జట్టుకి ఓనరంటూ ఒకడు లేడు, వాటాలన్నీ జనం దగ్గరే ఉన్నాయి. ఏటా లెక్కలు బయటపెట్టేదీ ఆ ఒక్క జట్టే. ఇప్పుడు లీగ్ నుంచి ఒక్కో జట్టుకి చేరే ఉమ్మడి వాటా ఏడాదికి 40 కోట్ల డాలర్లు దాటిందని మనకి తెలిసింది ఆ లెక్కల వల్లే. దానికి తోడు 1994 నుంచి జీతాలకి పరిమితి. ధనిక జట్టు డబ్బు గుమ్మరించి ఆటగాళ్ళందరినీ కొనేసుకోలేదు. ఇంత గట్టిగా అల్లుకున్న వ్యాపారాన్ని, ఎవడి దుకాణం వాడిదే అయిన బాక్సింగ్‌తో పోల్చడం కుదరదు.

"కేసులు దివాలా తీయిస్తాయి"

మాజీ ఆటగాళ్ళు వేలమంది వేసిన కేసులో 2013లో 76.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అది చాలదని జడ్జి ఆపడంతో తర్వాత పరిమితి తీసేశారు. 2015లో కోర్టు ఆమోదించిన ఆ ఒప్పందం కింద ఇప్పటికి వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లించారు. పెద్ద మొత్తమే. కానీ దాన్ని అరవై అయిదేళ్ళ మీద పరిచారు, లీగ్ ఆదాయమేమో ఏడాదికే రెండు వేల కోట్ల డాలర్ల పైనే. 1989లో జెర్రీ జోన్స్ డాలస్ కౌబాయ్స్‌ని 14 కోట్ల డాలర్లకు కొన్నాడు. 2023లో వాషింగ్టన్ జట్టు 605 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు కేసుల సంగతి తెలియని అమాయకులు కారు. లాయర్లను, లెక్కల నిపుణులను పక్కన కూర్చోబెట్టుకునే అంత ధర పెట్టారు.

కాబట్టి కేసులు లీగ్‌ని చంపవు. నాకు కోపం తెప్పించేది ఆ ఒప్పందం నడిచిన తీరు. నల్లజాతి ఆటగాళ్ళ తెలివితేటలు మొదటి నుంచే కొంత తక్కువన్న లెక్కతో పరీక్షల మార్కులు సరిచేసేవారు. అంటే అదే జబ్బు, అదే మతిమరుపు ఉన్నా, తెల్లవాడికి వచ్చే పరిహారం నల్లవాడికి రాకుండా పోయేది. ఇద్దరు మాజీ ఆటగాళ్ళు 2020లో కోర్టుకెక్కి గొడవచేస్తే, 2021లో గానీ ఆ పద్ధతి ఆపుతామని లీగ్ ఒప్పుకోలేదు. జోస్యాలు పంచుకునే బదులు ఈ సంగతి పదిమందికీ చెబితే బాగుండేది. అలాగే, పెన్షన్ హక్కు రావాలంటే మూడు సీజన్లు నిలవాలి. ఆ లోపే మోకాలు విరిగి ఇంటికి పోయేవాళ్ళు బోలెడుమంది.

ఇన్సూరెన్సు సంగతంటారా, ఆ బరువు కోట్లున్న లీగ్ మీద కంటే చిన్న ఊరి బడి మీద, పిల్లల క్లబ్బు మీద ఎక్కువ పడుతుంది. అక్కడ మాత్రం జోస్యంలో కొంత బలం ఉంది.

"టీవీ డబ్బు పోతుంది", "సాకర్ వచ్చేస్తుంది"

ఈ రెండింటికీ ఎక్కువ మాటలు అక్కర్లేదు. 2016, 2017 సీజన్లలో చూసేవాళ్ళు తగ్గినప్పుడు కూడా ఇక అయిపోయిందన్నారు. 2021లో కుదిరిన టీవీ ఒప్పందాల విలువ పదకొండేళ్ళకు దాదాపు 11,000 కోట్ల డాలర్లు. 2023లో అమెరికా టీవీలో ఎక్కువమంది చూసిన వంద ప్రసారాల్లో 93 ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలే. 2025 సూపర్ బౌల్‌ని సగటున 12.77 కోట్ల మంది చూశారు. కేబుల్ తీసేసిన కుర్రవాళ్ళ వెంటే లీగ్ కూడా వెళ్ళింది: గురువారం ఆటలు అమెజాన్‌లో, ఆదివారం ప్యాకేజీ యూట్యూబ్‌లో, 2024 క్రిస్మస్ ఆటలు నెట్‌ఫ్లిక్స్‌లో. టీవీకి సంబంధించి నాకు నిజంగా భయం వేసేది పందేల గురించి. 2018లో సుప్రీంకోర్టు ఆటల మీద పందేలను అనుమతించుకునేందుకు రాష్ట్రాలకు తలుపు తీశాక, బెట్టింగ్ ప్రకటన లేని విరామం లేదు. పందెం కాసినందుకు సస్పెండైన ఆటగాళ్ళను చూశాం. ఫలితం మీద నమ్మకం పోయిన రోజున ఏ ఒప్పందమూ ఆటని కాపాడలేదు. జోస్యం రాసినాయన ఆ మాటే ఎత్తలేదు.

సాకర్ వస్తుందని 1975లో పెలే న్యూయార్క్ కాస్మోస్ అనే సాకర్ జట్టుకి వచ్చినప్పుడూ అన్నారు. ఆ జట్టు ఆడిన లీగ్ 1984 తర్వాత మూతపడింది. 1994 ప్రపంచ కప్ అప్పుడూ అన్నారు. సాకర్ నిజంగానే పెరిగింది, సంతోషం. కానీ అది ఫుట్‌బాల్ పళ్ళెంలోంచి తీసుకుని తిన్నది కాదు.

"ఫ్లాగ్ ఒక్కటే మిగులుతుంది"

2023 అక్టోబరులో ముంబైలో ఒలింపిక్ కమిటీ కూర్చుని 2028 లాస్ ఏంజెలెస్ ఆటల్లోకి క్రికెట్‌ని తీసుకున్నప్పుడు మనవాళ్ళు పండగ చేసుకున్నారు. అదే ఓటుతో ఫ్లాగ్ ఫుట్‌బాల్‌నీ తీసుకున్నారు. హైస్కూళ్ళలో ఫ్లాగ్ ఆడే అమ్మాయిలు నలభై వేలు దాటారు. చూస్తే ముచ్చటేస్తుంది. అయితే టీ20 వచ్చిందని టెస్టు క్రికెట్ ఆగలేదు. కొత్త రూపం పక్కన పెరుగుతుంది, పాతది తన దారిన మారుతుంది.

ఈ ఆట మారడం కొత్తా? 1905లో ఆ ఒక్క ఏడాదే పద్దెనిమిది మంది దాకా ఆడుతూ చనిపోయారు. కొలంబియా యూనివర్సిటీ ఆట మానేసింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళను వైట్‌హౌస్‌కి పిలిచి మందలించాడు. 1906లో నియమాలు మార్చి బంతిని ముందుకు విసరొచ్చన్నారు. ఈ రోజు మనం లేచి నిలబడి చప్పట్లు కొట్టే ప్రతి లాంగ్ పాస్ ఆ చావుల తర్వాత పుట్టిందే. 2024లో కిక్‌ఆఫ్, అంటే బంతిని తన్ని ఆట మొదలుపెట్టే పద్ధతి, నియమాలు తిరగరాశారు, రెండు వైపులవాళ్ళూ దూరం నుంచి పరుగెత్తుకొచ్చి గుద్దుకునే వీలు తీసేశారు. వెనక నుంచి పట్టుకుని కాళ్ళ మీద పడే హిప్-డ్రాప్ టాకిల్‌ని నిషేధించారు. ఆ సీజన్‌లో కంకషన్లు, అంటే మెదడు అదిరే తల దెబ్బలు, 219 నుంచి 182కి తగ్గాయని లీగ్ లెక్క. సీటీఈకి కారణం పెద్ద దెబ్బలొక్కటే కాదు, ప్రాక్టీసులో రోజూ తగిలే చిన్న దెబ్బల మొత్తం కూడా. కాబట్టి ఇది చాలదు. పధ్నాలుగేళ్ళు నిండేదాకా టాకిల్ వద్దని నా అభిప్రాయం. అప్పటిదాకా అందరూ ఫ్లాగే ఆడితే పై మెట్టులో ఆట ఏమీ బలహీనపడదు. ఇది సాధ్యమే, అడగాల్సింది మనమే.

మా వాడు ఇప్పుడు హైస్కూలు బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తున్నాడు. ప్రతి శుక్రవారం రాత్రీ స్టేడియానికి వెళ్తాం. పోయినేడు ఒక ఆటలో మా ముందు వరసలో ఒకామె కూర్చుంది. వాళ్ళబ్బాయి లైన్‌బ్యాకర్, అంటే ఎదుటి జట్టువాళ్ళను పడగొట్టే ఆటగాడు, మా వాడి తరగతే. మూడో క్వార్టర్‌లో అతను ఒకణ్ణి పడగొట్టి తనూ పడి, లేవలేదు. ఆమె నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. స్టేడియమంతా నిశ్శబ్దం. నిమిషం తర్వాత అతను లేచి, ట్రెయినర్ భుజం మీద చెయ్యేసి కుంటుకుంటూ నడిచాడు. బ్యాండు మొదలైంది. ఆమె కూర్చుని నా వైపు తిరిగి, "మీవాడెక్కడ ఆడతాడు?" అని అడిగింది. బ్యాండు వైపు చూపించాను. "మంచి పని చేశారు" అంది. కాసేపాగి, "మావాడికి రెండు కాలేజీల నుంచి స్కాలర్‌షిప్ కబురొచ్చింది" అని చెప్పి, మళ్ళీ మైదానం వైపు తిరిగింది.