సవరణ: బాడీ పాజిటివిటీ ఇన్‌స్టా కంటే చాలా పాతది

మొన్నటి పోస్టులో బాడీ పాజిటివిటీ (ఒళ్లు ఎలా ఉన్నా, లావైనా సన్నమైనా, దాన్ని గౌరవించాలనే ఉద్యమం) ఇన్‌స్టాగ్రామ్‌తోనే మొదలైందని ఉంది కదా, ఆ లైన్ తీసేసి ఇలా చదువుకోండి. 1967లోనే న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో లావుగా ఉన్నవాళ్లని చిన్నచూపు చూడటానికి నిరసనగా 500 మంది దాకా చేరి డైట్ పుస్తకాలు తగలబెట్టారు, బక్కపల్చటి మోడల్ ట్విగ్గీ ఫొటో కూడా ఆ మంటల్లో వేశారు, 1969లో లావుగా ఉన్నవాళ్ల హక్కుల కోసం అమెరికాలో నాఫా అనే సంఘం పుట్టింది, 1973లో జూడీ ఫ్రీస్పిరిట్, ఆల్డెబరాన్ అనే ఇద్దరు ఆడవాళ్లు లావుగా ఉన్నవాళ్లకీ మనుషులుగా పూర్తి గౌరవం, సమాన హక్కులు కావాలని మేనిఫెస్టో రాశారు, ఎంత ధైర్యమో చూడండి!

ఇంకోటి, లావు పెరగమని చెప్తున్నావా అని అడుగుతున్నారు. కానే కాదు. లావుగా ఉన్నవాళ్లు చెవి నొప్పని డాక్టర్ దగ్గరికి వెళ్తే చెవి చూడాలి, ముందు బరువు తగ్గమ్మా అని పంపేయకూడదు, అంతే నేనడిగేది.